రెండు దరువులకొక టిక్కు

నాకు పాముచెవులని మా ఇంట్లో పేరు. తెనాలిలో మా నాన్నకి మైకుసెట్టు షాపు ఉండేది. పెళ్ళిళ్ళకీ, ఎన్నికల మీటింగులకీ లౌడుస్పీకర్లు అద్దెకిచ్చేవాడు. రికార్డులు తుడిచి పెట్టెల్లో సర్దడం, గ్రామఫోనుకి అరిగిన ముల్లు తీసి కొత్తది వేయడం నా పని. రెండు వీధుల అవతల పందిట్లో పాట మొదలైతే, నేను ఇంట్లో పిండి రుబ్బుతూ "ఇవాళ ముల్లు మార్చలేదు" అని చెప్పేదాన్ని. నాన్న సైకిలెక్కి వెళ్ళి చూసొచ్చి, నిజమేనని నవ్వేవాడు. అప్పట్నుంచీ నా చెవుల మీద నాకు కాస్త పొగరు. కాస్తేమిటి, చాలానే.

ఆ పొగరుతోనే అమెరికాలో ఉద్యోగం సంపాదించాను. ఆ పొగరుతోనే ఒక మనిషి పాటని పిండి పట్టించాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ రెండో సంగతి.

డెబ్బైల చివర్లో మేం న్యూజెర్సీ వచ్చాం. మా ఆయన ఒక మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టు. ఎడిసన్‌లో రెండు గదుల అపార్ట్‌మెంటు. ఓక్ ట్రీ రోడ్డు మీద అప్పటికింకా ఈ చీరల కొట్లూ, నగల కొట్లూ లేవు. కందిపప్పు కావాలంటే ఒక ఆదివారం మొత్తం కార్లో పోయేది. కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ మూడు చలికాలాలు గడిపాను. నాలుగో ఏడు పేపర్లో ఒక ప్రకటన కనపడింది. రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీకి వినేవాళ్ళు కావాలట.

"నా మాట ఒక్కటీ వినవు గాని, ఊళ్ళోవాళ్ళ రికార్డులు వింటావటే?" అన్నాడు మా ఆయన. అని, తనే కార్లో తీసుకెళ్ళి దింపాడు.

అక్కడి సూపర్‌వైజర్ పెద్దాయన. తాతలనాడు ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం. ఇంటర్వ్యూ అంటే ప్రశ్నలేం లేవు. ఒక రికార్డు వేసి, ఏం తప్పుందో చెప్పమన్నాడు. అర నిమిషం విని, నడిమి బెజ్జం పక్కకి పోయిందనీ, అందుకే పియానో ఊగుతోందనీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కొలబద్ద తెచ్చి కొలిచాడు. వెంట్రుకంత తేడా. సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఆ ఫ్యాక్టరీని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు వాసనే గుర్తొస్తుంది. వేడి ప్లాస్టిక్, ఆవిరి, కొత్త అట్టపెట్టెలు. మిషన్లో పైన ఒకటి, కింద ఒకటి లోహపు అచ్చులుంటాయి. మధ్యలో వేడి నల్లముద్ద పెట్టి నొక్కితే రికార్డు వస్తుంది. ప్రతి బొత్తిలోంచీ ఒకటి తీసి నా గాజుగదికి పంపేవారు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి. బాగుంటే కాగితం మీద సంతకం. తప్పుంటే లేబుల్ మీద ఎర్ర మైనపు పెన్సిల్‌తో రెండు అడ్డగీతలు. ఆ గీతలు పడ్డాయంటే ఆ బొత్తికి నూకలు చెల్లినట్టే. మధ్యలో కాగితం లేబుల్ని గుండ్రంగా కోసేసి, మిగతాది మరలో వేసి పొడికొట్టి, మళ్ళీ మిషన్లోనే వాడేవారు. అచ్చుని కత్తిరించి పారేసేవారు. నా సంతకానికి పైన ఇంకో సంతకం లేదు. సూపర్‌వైజర్ తన పెరట్లో కాసిన మిరపకాయలు తెచ్చి ఇచ్చేవాడు. నేను బజ్జీలు వేసి పట్టుకెళ్ళేదాన్ని. గదిలో రెండు రకాల కుర్చీలుంటే మెత్తటిది నాకు వేయించాడు. అంత సుఖంగా నేను ఎప్పుడూ బతకలేదేమో.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినేదాన్ని, కానీ పాట వినేదాన్ని కాదు. బియ్యంలో రాళ్ళేరేవాళ్ళు అన్నం తింటున్నట్టు కాదు గదా. నాకు కావలసింది రాయి. టిక్కు, బుస్సు, ఊగుడు, గరగర. జాజ్ అయినా, చర్చి పాటలైనా, పిల్లల కథలైనా నాకు ఒకటే.

ఎనభైలు సగానికొచ్చేసరికి కొత్తరకం రికార్డులు రావడం మొదలైంది. నూఆర్క్, ఈస్ట్ ఆరెంజ్ వైపు నుంచి నల్లవాళ్ళు, కుర్రకారు, టేపు తామే పట్టుకుని వచ్చేవారు. వెనకాల కంపెనీ ఉండదు. లేబుల్ మీద సొంతంగా పెట్టుకున్న పేరు, ఇంటి ఫోన్ నెంబరు. బండి వెనక భాగం నిండా స్పీకర్లు. రాగం లేదు, దరువు మీద మాటలు దంచుకుంటూ పోవడమే. మైకుసెట్టువాడి కూతురినై ఉండి, ఆ స్పీకర్లు చూసైనా నా మనసు కాస్త మెత్తబడాలి. పడలేదు. "వీళ్ళకి పాడటం రాక అరుస్తున్నారు" అని ఇంటికొచ్చి మా ఆయనతో అనేదాన్ని. అప్పట్లో నా నోరు అలా ఉండేది.

వాళ్ళలో ఒకతను మాత్రం హాస్పిటల్ లాండ్రీ యూనిఫారంలోనే వచ్చాడు. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. బాగా పొడుగు. మాట్లాడేటప్పుడు కౌంటర్ మీదికి వంగిపోయేవాడు. గాజులోంచి చూస్తున్న నాకు మాటలు వినపడలేదు. తరవాత సూపర్‌వైజర్ చెప్పాడు. కాలేజీ రేడియోలో శనివారం సాయంత్రం ఇలాంటి పాటలు వేసే షో ఒకటి ఉందట. దాన్ని నడిపేవాడు రికార్డు తెస్తేనే వేస్తానన్నాడట, టేపు ముట్టుకోడట. ఈ శనివారంతో షో మానేసి కాలిఫోర్నియా వెళ్ళిపోతున్నాడట. వేరే ఏ స్టేషన్‌లోనూ ఇతన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. అంచేత శుక్రవారానికల్లా రికార్డులు కావాలి. మామూలుగా ముందు ఒక నమూనా రికార్డు వేసి, సొంతదారు విని ఒప్పుకున్నాకే మిగతావి వేస్తారు. టైము లేదని నమూనా అక్కర్లేదని రాసి సంతకం పెట్టి వెళ్ళాడు.

గురువారం మధ్యాహ్నం అతని రికార్డు నా గదికి వచ్చింది. ముల్లు దించాను. నాలుగు క్షణాలు కాలేదు, టిక్కు. ఇంకో క్షణానికి మళ్ళీ టిక్కు. రెండు దరువులకొకటి, తప్పకుండా వస్తోంది. గడియారం చూశాను. రికార్డు ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపటికొక టిక్కు. చుట్టుచుట్టుకీ అదే చోట చప్పుడొస్తే మా పనిలో దానికి ఒకటే అర్థం. అచ్చు మీద గాటు పడింది. బొత్తి అడుగు నుంచి ఇంకోటి తెప్పించాను. అందులోనూ అంతే. ఎర్ర గీతలు రెండూ కొట్టాను.

"మొత్తం విన్నావా?" అన్నాడు సూపర్‌వైజర్.

"అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు" అన్నాను. మా ఇళ్ళలో అనే మాటే ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాను. ఆయనకి భలే నచ్చింది.

"పాపం, శనివారం అన్నాడు" అని గొణిగి, "నువ్వు ఇన్నేళ్ళలో తప్పింది లేదు" అంటూ కాగితం తీసుకెళ్ళాడు. సాయంత్రానికల్లా అయిదు వందల రికార్డులూ మరలోకి పోయాయి. అచ్చు రెండు ముక్కలైంది. ఆ పొడి ఆ వారమే ఏ క్రిస్మస్ పాటల రికార్డులోకో వెళ్ళిపోయి ఉంటుంది.

శుక్రవారం అతను ఎవరిదో బండి అడిగి తెచ్చుకున్నాడు. వెనక సీట్లు మడిచి, దుప్పటి పరిచి మరీ వచ్చాడు. సూపర్‌వైజర్ నన్ను కౌంటర్ దగ్గరికి పిలిచాడు.

"అచ్చులో తప్పండీ. రెండు దరువులకొక టిక్కు వస్తోంది" అన్నాను.

అతను నావైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"మేడమ్, అది తప్పు కాదు. అది నేను పెట్టుకున్నది" అన్నాడు.

తరవాత నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. వాళ్ళింట్లో ఒక పాత రికార్డు ఉంది. అందులోంచి రెండు దరువుల ముక్క తీసుకుని, మెషీన్‌లో పెట్టి, అదే మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు చేసి, దాని మీద తన మాటలు చెప్పాడు. ఆ రికార్డు మీద గీత ఉంది. ముక్కతో పాటు గీత చప్పుడూ వచ్చింది. స్టూడియోవాడు తీసేస్తానన్నాడు. ఇతను వద్దన్నాడు.

"అది తీసేస్తే ఎవరింటి రికార్డయినా ఒకటే. అది ఉంటేనే మా ఇంటిది" అన్నాడు. "నావి ఎక్కడున్నాయి?" అని అడిగాడు.

సూపర్‌వైజర్ నా మొహం చూశాడు. చివరికి ఆయనే చెప్పాడు. అతను కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి అలా నిలబడిపోయాడు. మళ్ళీ అచ్చులు చేసి రికార్డులు వేయడానికి రెండు వారాలు. రేడియో రేపు ఆరు గంటలకి.

సూపర్‌వైజర్ యజమానికి ఫోన్ చేయడానికి లోపలికెళ్ళాడు. మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. తిరగ్గొట్టిన ప్రతి రికార్డులోనూ ఒకటి, ఎర్ర గీతలతో సహా, ఏడాదిపాటు ఇనప బీరువాలో దాచాలి. రేపెవరైనా గొడవకొస్తే సాక్ష్యం. అది గడప దాటకూడదు. నేను బీరువా తీసి, దాన్ని గదిలోకి తీసుకెళ్ళి మళ్ళీ వేశాను. ఈసారి చెవితో కాదు, కంటితో చూశాను. అచ్చు మీద గాటే అయితే టిక్కు వచ్చినప్పుడల్లా లేబుల్ మీది గీత ఒకే చోట ఉండాలి. ఇక్కడ అది కొంచెం కొంచెంగా జరుగుతోంది. నిమిషం దాటేసరికి వేలెడు దూరం పోయింది. రెండు దరువుల నిడివీ, రికార్డు ఒక చుట్టు నిడివీ దాదాపు ఒకటే అయ్యాయి, అంతే. నిన్న ఇంకొక్క నిమిషం ఓపిక పడితే తెలిసేది. పట్టలేదు. ఎందుకంటే అది నా దృష్టిలో అరుపు. నాకు తల తీసేసినట్టయింది.

రికార్డు కవర్లో పెట్టి అతని చేతికిచ్చాను. "ఇది ఒక్కటే మిగిలింది. తీసుకెళ్ళండి" అన్నాను.

"మీకేం ఇబ్బంది రాదుగా, మేడమ్?"

"ఏమీ రాదు" అన్నాను. అంత తడుముకోకుండా అబద్ధం ఆడటం నాకు అదే మొదటిసారి.

మర్నాడు సాయంత్రం మా ఇంటికి రెండు తెలుగు కుటుంబాలు భోజనానికొచ్చాయి. అందరూ పాత సినిమా పాటల క్యాసెట్ వింటూ కబుర్లలో ఉండగా, ఆరుకి అయిదు నిమిషాలుందనగా నేను క్యాసెట్ ఆపి రేడియో పెట్టాను.

"ఏంటి వదినగారూ, మంచి పాట ఆపేశారు" అందొకావిడ.

"ఒక్క పది నిమిషాలండీ" అన్నాను.

అర గంటయింది. మా ఆయనకి ఏమీ చెప్పలేదు, కానీ నన్ను చూసి ఏదో పట్టేసినట్టున్నాడు, ఎవర్నీ రేడియో ముట్టుకోనివ్వలేదు. చివరికి రేడియో ఆయన అన్నాడు: ఈ రికార్డు ప్రపంచం మొత్తానికీ ఒక్కటే ఉంది, దీని మీద ఎవరో ఎర్ర గీతలు కొట్టారు, అయినా నేను వేస్తున్నాను. దరువు మొదలైంది. టిక్కు. టిక్కు.

"మా ఊరి బుర్రకథవాడు నయం కదండీ, మధ్యలో ఊపిరైనా తీసుకుంటాడు" అన్నాడు ఒక పెద్దమనిషి. అందరూ నవ్వారు. నేను అప్పడాలు వేయించాలని వంటింట్లోకెళ్ళి, పొయ్యి వెలిగించకుండానే నిలబడ్డాను. ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, అప్పుడు కూడా నేను అతని మాటలు వినలేదు. టిక్కులే విన్నాను. పాట అయిపోగానే రేడియో ఆయన మళ్ళీ అదే వేశాడు.

సోమవారం నేనే వెళ్ళి చెప్పేశాను. యజమాని తీసేయమన్నాడు. తప్పు చేసింది చాలక సాక్ష్యం కూడా బయటికి పంపితే ఏ యజమానైనా అదే అంటాడు. సూపర్‌వైజర్ గంటసేపు వాదించి, గాజుగది నుంచి ప్యాకింగ్ బల్ల దగ్గరికి మార్పించాడు. మిషన్ల పక్కనే ఆ బల్ల. "అతను అడిగితే నేనింకా వింటున్నాననే చెప్పండి" అని ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఎందుకంటే, అతను నా మీద జాలిపడితే భరించలేను. నా సంగతి నాకు తెలుసు.

రెండు వారాల్లో అతని రికార్డులు మళ్ళీ వేశారు. ఆ శనివారం విన్నవాళ్ళు కొట్లకెళ్ళి అడగబట్టి అవి నెల తిరక్కుండా అయిపోయాయి. న్యూయార్క్‌లో ఒక చిన్న కంపెనీ అతన్ని తీసుకుంది. ఏడాదికో ఏడాదిన్నరకో ఒకటి చొప్పున ఇంకో మూడు రికార్డులొచ్చాయి. పెద్ద పేరేం రాలేదు. క్లబ్బుల్లో పాడేవాడు, లాండ్రీ పని మానలేదు. కానీ ప్రతిసారీ మా దగ్గరే అచ్చువేయించేవాడు. ఆర్డరు కాగితం మీద కింద ఒక వాక్యం రాసేవాడు, మొదటిది విన్న మేడమ్ ఇదీ వినాలి అని. సూపర్‌వైజర్ సరేననేవాడు. గదిలో ఇంకెవరో వినేవారు. నేను ఇవతల ఒక్కొక్కటీ కవర్లో దోపి పెట్టెలో పెట్టేదాన్ని. అతని రికార్డులొచ్చిన రోజు ఇంకెవర్నీ వాటి మీద చెయ్యి వేయనిచ్చేదాన్ని కాదు.

ప్యాకింగ్ బల్ల కష్టమే కానీ నేను ఏడుస్తూ ఏం చేయలేదు. ఆరుగురు ఆడవాళ్ళం. పుట్టినరోజులూ, అత్తగార్ల మీద చాడీలూ, పంచుకు తిన్న డబ్బాలూ. గాజుగదిలో ఒక్కదాన్నే ఉన్నన్నాళ్ళూ నాకు అమెరికాలో స్నేహితులు లేరు. ఇక్కడ దొరికారు. చెవుల్లో పెట్టుకోడానికి దూది ఇచ్చేవారు గాని, అది పెట్టుకుంటే కబుర్లు వినపడవని ఎవరమూ పెట్టుకునేవాళ్ళం కాదు. మిషన్లు మాత్రం రోజంతా చీమిడి ముక్కులా బుస్సుబుస్సుమని ఆవిరి చీదుతూనే ఉండేవి.

బల్ల దగ్గరికొచ్చిన నాలుగో ఏడు తాలింపులో ఆవాలు చిటపటమనడం వినపడక మాడ్చేశాను. ఒకసారి కాదు, వరసగా.

"ఫోన్ మోగుతుంటే ఎత్తవేమే?" అన్నాడు మా ఆయన ఒకరోజు. మోగిందని నాకు తెలియదు. పరధ్యానంలో ఉన్నానని చెప్పాను.

అతని నాలుగో రికార్డు నాటికి ఎనభైలు అయిపోవచ్చాయి. లారీ రాలేదని పెట్టెలు తనే తీసుకెళ్ళడానికి వచ్చి, తిన్నగా లోపలికి నడిచాడు. బల్ల దగ్గర నేను, చేతులకి గ్లవ్స్, ముందు అతని రికార్డుల బొత్తి.

"మేడమ్, మీరిక్కడేంటి?" అన్నాడు. "ఎప్పట్నుంచి?"

నేను బొంకుదామనుకున్నాను. పక్కనున్న పోలండావిడ నాకంటే ముందే చెప్పేసింది, నాలుగేళ్ళని. అతను వేళ్ళు మడిచి ఏదో లెక్కేసుకున్నాడు. మొహం మారిపోయింది. బొత్తి మీంచి ఒకటి తీసి సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళి, "ఈవిడ విని సంతకం పెట్టేదాకా ఒక్క పెట్టె కూడా ఎత్తను" అన్నాడు.

అలా నాలుగేళ్ళ తరవాత మళ్ళీ గాజుగదిలో కూర్చున్నాను. కుర్చీ అదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముల్లు దించాను. పాట దిండు చాటు నుంచి వస్తున్నట్టు వచ్చింది. టిక్కులుండే చోటు, గరగరలుండే చోటు, ఆ సన్నటి పైస్థాయి చప్పుళ్ళన్నీ ఖాళీ. రాయి ఉందో లేదో నాకు తెలియలేదు. భయమేసింది. రాళ్ళు దొరక్కపోయేసరికి చేయడానికింకేం లేక, అతనేం చెబుతున్నాడో విన్నాను. మొదటి నుంచి చివరిదాకా, ముల్లు లేచిపోయేదాకా విన్నాను.

బయటికొచ్చాను. అతను గది తలుపు దగ్గరే ఉన్నాడు, చేతిలో నేను సంతకం పెట్టాల్సిన కాగితంతో.

"నాకు వినపడటం లేదు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి, మా ఆయనకి కూడా చెప్పలేదు. "తప్పులుంటే నేను చెప్పలేను. ఇంకెవరిచేతైనా వినిపించుకోండి."

అతను కాగితం వెనక్కి తీసుకోలేదు. "అయితే ఏం వినపడింది?" అన్నాడు.

"దుప్పట్లలో దొరికినవి. పళ్ళసెట్టు, సగం పూర్తిచేసిన గళ్ళనుడికట్టు. ఒకరోజు దిండు గలీబులో కళ్ళజోడు దొరికింది. మంచం నెంబరు చూసుకుని మెట్లెక్కి ఆరో అంతస్తుకి వెళ్ళావు. అప్పటికే మంచం ఖాళీ. కొత్త దుప్పటి వేసేశారు. ఆ దుప్పటీ నువ్వు ఉతికిందే" అన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే వింతగా ఉంది. "అక్కడితో అయిపోయింది."

"అయిపోలేదు మేడమ్" అన్నాడు. "చివర్న ఇంకో రెండు మాటలున్నాయి. గుసగుసగా చెప్పాను."

మిషన్లు ఆవిరి కక్కుతున్నాయి. అతను అంత పొడుగు మనిషీ నడుం వంచి, నా చెవి దగ్గర నోరు పెట్టి, గుసగుసగా కాదు, గట్టిగా చెప్పాడు.

"కళ్ళజోడు ఇంకా నా దగ్గరే ఉంది. ప్రతి ఆదివారం తుడుస్తాను, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని."

కాగితం అందుకుని సంతకం పెట్టాను.